మీకు తెలుసా? కాటా చెప్పని కబుర్లు!

గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు తెల్లారకముందే వెళ్లి చూడండి. ఒకే కాటా మీద ముందు బంతిపూల సంచి, దాని వెనకే చామంతుల గంప, ఆ తర్వాత కనకాంబరాల చిన్న పొట్లం! అన్నిటికీ కాటా ఒకే జవాబు చెబుతుంది: ఇన్ని కిలోలు, ఇన్ని గ్రాములు. పువ్వు నిన్నటిదా ఇవాళ్టిదా, వాసన ఉందా పోయిందా అన్నది దానికి పట్టదు. అందుకే కొనేవాళ్లు సంచిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున ఉన్న పూలు పిడికెడు పైకి తీసి చూస్తారు. మరి ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఎక్కినప్పుడు మన అడుగుపూలు ఎవరు చూస్తున్నారు? ఆ ప్రశ్న పట్టుకుని తిరిగితే నాకు దొరికిన వింతలివి. చిన్నా పెద్దా అందరూ కూర్చోండి, పంచుకుందాం!

బరువును ఎత్తుతో లెక్కగట్టి “మీరు లావు, మీరు సన్నం” అని తేల్చే బీఎంఐ సూత్రం ఎవరిదో చెప్పుకోండి చూద్దాం. వైద్యుడిది కాదు, నక్షత్రాలు చూసే ఖగోళ శాస్త్రవేత్తది! బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ క్వెట్లే 1830లలో “సగటు మనిషి” ఎలా ఉంటాడో తెలుసుకోవాలని జనం కొలతలు పోగేసి ఈ లెక్క కట్టాడు. ఫలానా మనిషికి జబ్బుందా లేదా చెప్పాలన్న ఆలోచనే ఆయనకు లేదు.

ఆ లెక్కకు బీఎంఐ అని పేరు పెట్టడానికి ఇంకో 140 ఏళ్లు పట్టింది! 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ ఆ పేరు పెట్టాడు. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే చాలు, నాలుగో తరగతి లెక్క.

ఒకే మనిషి పొద్దున “సాధారణ బరువు”, రాత్రికి “అధిక బరువు” కావచ్చు, ఏమీ తినకుండానే! రోజంతా నిలబడి తిరిగేసరికి వెన్నుపూసల మధ్య మెత్తలు అణిగి మనం ఒక సెంటీమీటరు దాకా పొట్టి అవుతాం. 58.5 కిలోల మనిషి పొద్దున 160 సెంటీమీటర్లుంటే బీఎంఐ 22.9, రాత్రికి 159 అయితే 23.1. మనవాళ్లకు గీసిన గీత సరిగ్గా 23 దగ్గరుంది!

అవును, ఆ గీత అందరికీ ఒకటి కాదు! లోకమంతటికీ 25 దగ్గర మొదలయ్యే “అధిక బరువు” భారతీయులకు 23 దగ్గరే మొదలవుతుందని మన వైద్యులు లెక్కిస్తారు. ఎందుకంటే అంతే బీఎంఐ ఉన్న ఐరోపా వాళ్లకంటే మన ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ, కండ పాలు తక్కువ.

నమ్మరా? అయితే ఈ ఇద్దరు డాక్టర్ల సంగతి వినండి. ఒకరు పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్‌కిన్. ఇద్దరూ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ అచ్చంగా ఒక్కటే, 22.3! కానీ కొవ్వు కొలిస్తే ఒకరి ఒంట్లో 9.1 శాతం, ఇంకొకరి ఒంట్లో 21.2 శాతం. ఎవరిది ఎంతో ఊహించగలరా? ఎక్కువ ఉన్నది మన పుణె డాక్టరుగారికే! చొక్కా మీద నుంచి చూస్తే ఇద్దరూ సన్నగానే ఉంటారు. నేను చూసిన వైద్య ఫొటోలన్నిటిలోకీ నాకు ఎక్కువగా నచ్చినది ఇదే. ఎన్ని పేజీల వ్యాసం చదివినా రాని గ్రహింపు ఒక్క చూపులో వస్తుంది.

ఇంకా వింత, ఈ తేడా పురిట్లోనే మొదలవుతుంది! పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పాపల సగటు బరువు దాదాపు 2.7 కిలోలు, బ్రిటన్ పాపలది 3.5 కిలోలు. మన పాపకు కండ, పొట్టలోని అవయవాలు చిన్నవిగా ఉన్నా చర్మం కింద కొవ్వు మాత్రం పెద్దగా తగ్గదట. బక్కగా కనిపించే బొద్దు పాపలన్నమాట!

2000లో దేశంలోని 6 మహానగరాల్లో షుగర్ వ్యాధి ఎంతుందో లెక్క తీస్తే మొదటి స్థానం ఎవరికొచ్చిందో తెలుసా? మన హైదరాబాద్‌కే, 16.6 శాతం! చెన్నై 13.5, ముంబై 9.3 దగ్గర ఆగాయి. ఆ రోజుల్లో షుగర్ అంటే లావుపాటి షావుకార్ల జబ్బని అనుకునేవాళ్లు ఎందరో.

వంద మంది భారతీయుల్లో బీఎంఐ ప్రకారం స్థూలకాయులు 29 మంది. అదే టేపు పెట్టి పొట్ట కొలిస్తే 40 మంది! 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్కలో ఇవి కచ్చితంగా 28.6, 39.5 శాతాలు. అంటే కాటా “బాగున్నావు పో” అని పంపేసిన ఎందరినో టేపు పట్టుకుందన్నమాట.

పొట్ట మీద చేత్తో పట్టుకుంటే దొరికే కొవ్వు కంటే, చేతికి దొరకని కొవ్వే ప్రమాదం! కాలేయం, పేగుల చుట్టూ లోలోపల పేరుకునేది షుగర్‌కు, గుండెజబ్బుకు దారి తీస్తుంది. తొడల మీది కొవ్వు అంత హాని చేయదు.

అందుకే 150 కిలోలు దాటిన జపాన్ సుమో వస్తాదులు చాలామందికి, కుస్తీ పడుతున్నంత కాలం రక్తంలో చక్కెర, కొవ్వులు మామూలుగానే ఉంటాయి! రోజూ గంటల తరబడి చేసే సాధన వల్ల వాళ్ల కొవ్వు చాలావరకు చర్మం కిందే ఉండిపోతుంది. సాధన మానేసి అదే తిండి తింటే మాత్రం కథ మారిపోతుంది.

ఇక దీనికి తలకిందుల వింత: ఒంట్లో కొవ్వే లేనివాళ్లకు తీవ్రమైన షుగర్ వస్తుంది! లైపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బులో చర్మం కింద కొవ్వు నిలవ ఉండే చోటే కరవై, తిన్న కొవ్వంతా కాలేయంలో, కండరాల్లో చేరిపోతుంది. గాదె లేని ఇంట్లో వడ్లు పడగ్గదిలో పోసినట్టు!

పది కిలోల కొవ్వును ఒక్కపూటలో గొట్టంతో లాగేస్తే ఆరోగ్యం బాగుపడుతుందా? లేదు! 2004లో అమెరికా వైద్యులు 15 మంది మహిళలకు లైపోసక్షన్ చేసి, ఒక్కొక్కరి నుంచి సుమారు 9 నుంచి 10 కిలోల కొవ్వు తీశారు. మూడు నెలల తర్వాత పరీక్షిస్తే ఇన్సులిన్ పనితీరులో మార్పు లేదు, బీపీ కూడా ఎక్కడిదక్కడే. కాటా మీద అంకె తగ్గింది, రక్తంలో ఏమీ కదల్లేదు!

కరిగిన కొవ్వు ఎటు పోతుంది? చెమటలోకా? మలంలోకా? రెండూ కాదు, ముక్కులోంచి గాల్లోకి! 10 కిలోల కొవ్వు కరిగితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా మారి ఊపిరితో బయటికి పోతుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. 2014లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఈ లెక్క వేసి, డాక్టర్లను, వ్యాయామ శిక్షకులను అడిగితే చాలామంది తప్పే చెప్పారట.

మన గుడిమల్కాపూర్ నెత్తి మీదుగా పోయే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పొడవు 11.6 కిలోమీటర్లు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా దాని కింది రోడ్డున 60 కిలోల మనిషి నడుచుకుంటూ పోతే కిలో కొవ్వు కరుగుతుందా? ఎక్కడ! అలా పన్నెండు, పధ్నాలుగు సార్లు నడవాలి. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు దాగి ఉంటాయి మరి.

కానీ ఆగండి, ఆ మొదటి నడక వృథా అనుకునేరు! ఒక్కసారి గట్టిగా నడిచినా ఆ ప్రభావంతో ఇన్సులిన్ ఒక రోజంతా మెరుగ్గా పనిచేస్తుంది. మర్నాడు కాటా ఎక్కితే ఈ లాభం ఒక్క గ్రాము కూడా కనిపించదు. ఎందరో ఇక్కడే మోసపోయి నెల తిరక్కుండా నడక మానేస్తారు. నాకు నిజంగా బాధ కలిగించే సంగతి ఇది.

లావుగా ఉండి దమ్మున్నవాళ్లు, సన్నగా ఉండి దమ్ము లేనివాళ్లు... ఎక్కువ కాలం బతికేది ఎవరు? అమెరికాలో దాదాపు 22 వేల మంది పురుషులను ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, ఏళ్ల తరబడి గమనించి 1999లో ఫలితం చెప్పారు. లావైనా దమ్మున్నవాళ్ల కంటే సన్నగా ఉన్నా దమ్ము లేనివాళ్లలోనే మరణాలు ఎక్కువ!

మార్కెట్‌లో సంచులు మోసే హమాలీలను చూడండి. బక్కపలుచని మనిషి, నెత్తిన తనంత ఎత్తు బంతిపూల మూట, కింద నీళ్లతో తడిసి జారే నేల! కాలివేళ్లతో నేలను పట్టుకుంటూ, మెడ నిటారుగా పెట్టి, ఒక చేత్తో మూట అంచు పట్టుకుని చకచకా వెళ్లిపోతాడు. ఆ మెడ నరాల్లోని సత్తువ చూపించే కాటా ఏదీ?

ఉంది! చేతి పట్టు కొలిచే పరికరం. 17 దేశాల్లో దాదాపు 1,40,000 మంది పిడికిలి బిగింపు కొలిచి చూస్తే, పట్టు ప్రతి 5 కిలోలు తగ్గేకొద్దీ మరణ ప్రమాదం 16 శాతం పెరిగిందని 2015లో తేలింది. ముందే చనిపోయే ముప్పును పసిగట్టడంలో బీపీ అంకె కంటే పిడికిలే ముందుంది!

సిడ్నీ ఒలింపిక్స్‌లో మన సిక్కోలు ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో కంచు పతకం గెలిచింది ఏ విభాగంలోనో తెలుసా? 69 కిలోల విభాగంలో. ఒక ఎత్తులో 110, ఇంకో ఎత్తులో 130, మొత్తం 240 కిలోలు లేపింది! 163 సెంటీమీటర్ల ఎత్తున్న గృహిణి ఎవరైనా అదే 69 కిలోలుంటే బీఎంఐ పట్టిక ఆమెను “అధిక బరువు” అంటుంది. ఆ 69 కిలోల్లో కండ ఎంతో, కొవ్వు ఎంతో అడగనే అడగదు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్‌కు కుస్తీ ఫైనల్ దూరం చేసిన అదనపు బరువు ఎంత? 100 గ్రాములు! అది అర గ్లాసు మంచినీళ్ల బరువు. రాత్రంతా నిద్రపోకుండా చెమటోడ్చినా ఆ వంద గ్రాములు దిగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

నీళ్ల బరువు సంగతి పూలవాళ్లకు బాగా ఎరుక! వాడిపోకుండా పూల మీద నీళ్లు చిలకరిస్తారు కదా, తడిపూలు కాటా మీద ఎక్కువ తూగుతాయి. మనమూ అంతే. లీటరు నీళ్లు తాగి కాటా ఎక్కండి, అప్పటికప్పుడు కిలో పెరుగుతారు. రోజులో మన బరువు కిలో, రెండు కిలోలు అటూఇటూ ఊగడం మామూలే.

“వారంలో రెండు కిలోలు తగ్గండి” అనే డైట్లలో తగ్గేది ఏమిటి? ఎక్కువగా నీళ్లే! కాలేయంలో, కండల్లో దాచుకున్న ఒక్కో గ్రాము పిండిపదార్థం సుమారు మూడు గ్రాముల నీళ్లను పట్టుకుని ఉంటుంది. అన్నం మానేయగానే రెండూ కలిసి పోతాయి, అన్నం ముట్టగానే రెండూ కలిసి వస్తాయి.

ఒంట్లో కొవ్వు శాతం కూడా చెప్పే కొత్త మిషన్లు అరికాళ్ల గుండా మనకు తెలియనంత చిన్న కరెంటు పంపుతాయి! నీరున్న కండలో కరెంటు సులువుగా పారుతుంది, కొవ్వులో పారదు. అందుకే బాగా దాహమేసినప్పుడు ఎక్కితే ఆ అంకె మారిపోతుంది.

హైదరాబాద్‌లో 70 కిలోలు చూపించిన స్ప్రింగు తూకాన్ని విమానంలో నార్వేకు పట్టుకెళ్లి ఓస్లోలో ఎక్కితే పావుకిలో ఎక్కువ చూపిస్తుంది! ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ భూమి ఆకర్షణ కొంచెం పెరుగుతుంది మరి. ఎవరూ ఏమీ తినలేదు సుమా!

బరువు సున్నా అయితే? తెనాలితో బంధమున్న బండ్ల శిరీష 2021 జూలై 11న అంతరిక్షపు అంచుకు వెళ్లినప్పుడు కొన్ని నిమిషాలు ఆమె బరువు అక్షరాలా సున్నా. తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన వ్యోమగామి రాజాచారి అయితే ఏకంగా 177 రోజులు ఆ సున్నాలోనే గడిపారు! అక్కడ కాటా పనిచేయదు కాబట్టి స్ప్రింగుతో మనిషిని లాగి, ఎంత వేగంగా కదిలాడో చూసి ద్రవ్యరాశి లెక్కగడతారు. బరువు లేని ఆ హాయిలో ఎముకలు నెలకు ఒక శాతం దాకా పలచబడగలవు. అందుకే వ్యోమగాములు రోజూ దాదాపు రెండు గంటలు వ్యాయామం చేయాల్సిందే.

మన ఒంట్లో రోజూ మన బరువంత ఇంధనం తయారై, రోజూ ఖర్చయిపోతుంది! దాని పేరు ఏటీపీ. ఏ క్షణాన చూసినా ఒంట్లో ఉండేది మహా అయితే పావుకిలో, అదే మళ్లీ మళ్లీ తయారవుతుంటుంది. కండరాల నుంచి ఏటీపీని వేరుచేసినవాళ్లలో ఒకరు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు! హార్వర్డ్‌లో తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1929లో ఆ పని చేశారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చిక్కి శల్యమై పోయారు, ఆయనకూ ఆ జబ్బు వచ్చి తగ్గింది. ఆ జబ్బుకు మందైన ఫోలిక్ యాసిడ్‌ను తర్వాతి కాలంలో అమెరికాలో తయారు చేసింది ఆయన బృందమే. సన్నబడటం అన్నివేళలా శుభవార్త కాదని ఆ ఇంటికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

అందుకే ఇది కాస్త గట్టిగా చెబుతున్నాను: ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల్లోనో ఏడాదిలోనో బరువు 5 శాతం తగ్గితే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే! 60 కిలోల మనిషికి అది 3 కిలోలు. క్షయ, షుగర్, థైరాయిడ్, క్యాన్సర్, వీటిలో ఏదైనా అలా తొంగిచూడవచ్చు. పెళ్లిలో ఎదురైనవాళ్లు “అబ్బ, ఎంత నాజూగ్గా అయ్యావే!” అని మెచ్చుకుంటారు, జాగ్రత్త.

మన భాషలోని తమాషా చూశారా? పుష్టిగా అయితే “ఒళ్లు చేశావు” అంటాం, సన్నబడితే “చిక్కిపోయావు” అంటాం. మా వైపు పెద్దవాళ్లు గుమ్మంలోనే “గింత బక్కగైనవేంది బిడ్డా!” అని గడ్డం పట్టుకుంటారు. కరవులు, క్షయలు చూసిన తరాలకు ఒంటి మీది కండే ఆరోగ్యం, అది పోవడమే భయం.

ఆ భయం ఉత్తది కాదు! జార్ఖండ్‌లో క్షయ రోగులకు మందులతో పాటు తిండిగింజలు ఇచ్చి చూస్తే, మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లలో మరణాలు 61 శాతం తక్కువ ఉన్నాయని 2023లో వెల్లడైంది. ఇక్కడ కాటా మాట ప్రాణం నిలిపే మాట.

కాటా నిజంగా మహారాణి అయ్యే చోటు ఇంకొకటుంది, అంగన్‌వాడీ! పుట్టిన మొదటి రోజుల్లో పాప బరువు పదో వంతు దాకా తగ్గి మళ్లీ పుంజుకుంటుంది, ఐదారు నెలలకు రెట్టింపవుతుంది, ఏడాదికి మూడింతలు. అక్కడ ఒక్క రోజు అంకె కాదు, నెలనెలా చుక్కలు కలిపిన గీత ఎటు పోతోందో చూస్తారు.

గుండె బలహీనమైనవాళ్లకు రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, ఊపిరితిత్తుల్లో, కాళ్లలో చేరుతున్న నీరు! అందుకే వాళ్లను రోజూ పొద్దున్నే బరువు చూసుకోమంటారు.

రక్తదానానికి కనీసం 45 కిలోలుండాలి, 450 మిల్లీలీటర్ల సంచి ఇవ్వాలంటే 55 దాటాలి. బరువు వంద కిలోలున్నా హిమోగ్లోబిన్ 12.5 లేకపోతే వెనక్కి పంపేస్తారు! తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత, 30.1 శాతం మందికి అధిక బరువు. ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో రెండూ!

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మొదట పుట్టింది ఎక్కడో తెలుసా? 1918లో నీలగిరి కొండల్లో, కూనూరులో, ఒకే ఒక్క గదిలో! బెరిబెరి జబ్బు గుట్టు తేల్చడానికి మెక్‌కారిసన్ దొర మొదలుపెట్టిన ఆ గది 1958లో హైదరాబాద్ చేరింది.

ఆ సంస్థ వాళ్లు చేసిన ఒక పని చెబితే ఆశ్చర్యపోతారు. హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెలు తీసుకుని, 1987-90 మధ్య కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక మళ్లీ వెతికి పట్టుకుని కొలిచారు. ఉప్మా తిన్నవాళ్లు 14 మిల్లీమీటర్లు పొడుగు, అంతే. ఒంట్లో కొవ్వు, కండ పాళ్లు రెండు రకాల పల్లెల పిల్లల్లోనూ దాదాపు ఒకటే. కానీ రక్తం పరీక్షిస్తే ఇన్సులిన్ నిరోధకత 20 శాతం తక్కువ, రక్తనాళాలూ ఇంకాస్త మెత్తన! అమ్మ కడుపులో ఉన్నప్పుడు అందిన ఉప్మా పదిహేనేళ్ల తర్వాత నెత్తురులో కనిపించింది, కాటా మీద కనిపించలేదు. నా సంచిలోని వింతలన్నిటిలో పెద్దపీట దీనికే వేస్తాను.

లెక్కల పుస్తకంలోని “ఆదర్శ భారతీయుడు” 2020లో ఒక్కసారిగా 5 కిలోలు పెరిగాడు! అప్పటిదాకా మగవాళ్లకు 60 కిలోలని పెట్టుకున్న ప్రామాణిక బరువును ఇదే సంస్థ 65గా మార్చింది.

అమెరికాలో ఇంకా విడ్డూరం! 1998లో ఒక్క రాత్రిలో కోట్ల మంది “అధిక బరువు” వాళ్లయిపోయారు. ఎవరూ లావెక్కలేదు, ప్రభుత్వ సంస్థ గీతను 27 పైనుంచి 25కు దించింది, అంతే.

“ఆదర్శ బరువు” అనే మాటకు ప్రచారం కల్పించింది ఆసుపత్రి కాదు, బీమా కంపెనీ! 1940లలో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ లైఫ్ సంస్థ తన పాలసీదారుల ఆయుష్షు లెక్కలు చూసి పట్టికలు అచ్చేసింది.

సుమారు 29 లక్షల మంది లెక్కలు కలిపి చూసిన 2013 నాటి పరిశీలనలో, బీఎంఐ 25-30 మధ్య ఉన్న “అధిక బరువు” వాళ్లలో మరణాలు “సాధారణ” బరువు వాళ్లకంటే 6 శాతం తక్కువ తేలాయి! జబ్బుతో చిక్కిపోయినవాళ్లు, పొగతాగేవాళ్లు “సాధారణం”లో కలిసిపోవడం వల్ల అలా తేలిందని కొందరు పండితులు గట్టిగా వాదించారు. ఆ వాదనలోనూ పస ఉంది.

చివరికి 2025 జనవరిలో 58 మంది ప్రపంచ నిపుణులు కలిసి తేల్చి చెప్పారు: ఒక్క బీఎంఐ చూసి ఎవరికీ ఊబకాయం అనే జబ్బు అంటగట్టకూడదు! నడుము కొలవాలి, అవయవాలు ఎలా పనిచేస్తున్నాయో చూడాలి అన్నారు.

ఇటలీ వైద్యుడు సాంతోరియో 400 ఏళ్ల కింద ఏకంగా కాటాకు వేలాడదీసిన కుర్చీలోనే కూర్చుని తిన్నాడు, 30 ఏళ్లపాటు తనను తాను తూచుకున్నాడు! తిన్నదానికీ విసర్జించినదానికీ తేడా ఎందుకొస్తోందని చూస్తే, సగానికి పైగా కంటికి కనిపించకుండా చర్మం నుంచి, ఊపిరి నుంచి ఆవిరైపోతోందని తేలింది.

మొగల్ పాదుషా జహంగీర్ పుట్టినరోజుకు బంగారంతో తూగేవాడు. మన మేడారంలో రెండేళ్లకోసారి లక్షల మంది “బంగారం”తో తూగుతారు! ఆ బంగారం అచ్చమైన బెల్లం. సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం మొక్కుకున్నవాళ్లు తమ బరువంత బెల్లం సమర్పిస్తారు. అక్కడ ఎంత బరువుంటే తల్లికి అంత ఎక్కువ!

మద్రాసు మణుగు సుమారు 11.3 కిలోలు. 68 కిలోల తాతగారు వెనకటి లెక్కలో కేవలం ఆరు మణుగులు. వినడానికే ఎంత తేలికో!

రైల్వే స్టేషన్లలో రంగురంగుల బల్బులు తిరిగే బరువు మిషన్ గుర్తుందా? నాణెం వేస్తే గరగరమని చప్పుడు చేసి అట్టముక్క టికెట్ రాలేది. ఒక పక్క సినిమా తార బొమ్మో జాతకమో, ఇంకో పక్క బరువు! పిల్లలం ముందు జాతకమే చదివేవాళ్లం.

చరకుడు మనిషి ఎత్తు 84 అంగుళాలన్నాడు. ఎవరి అంగుళాలు? ఎవరి వేళ్లతో వాళ్లకే! ఒకరి ఒంటిని ఇంకొకరి కొలతతో కొలవకూడదన్న సంగతి అంత పాతది. మరీ లావు, మరీ బక్క రెండింటినీ ఆయన ఒకే జాబితాలో పెట్టి, కండ సమంగా ఉన్నవాడినే మెచ్చుకున్నాడు.

ఇక మళ్లీ పూల దగ్గరికి వద్దాం. పూలదారం ఒకటి తీసుకుని తల నుంచి కాలిమడమ దాకా మీ ఎత్తు కొలిచి తెంపండి. దాన్ని సగానికి మడిచి బొడ్డు మీదుగా నడుము చుట్టూ తిప్పండి, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి పీల్చకుండా! కొసలు కలిశాయా? నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదని బ్రిటన్ వైద్య సంస్థ 2022 నుంచి జనానికి చెబుతున్నది సరిగ్గా ఇదే పరీక్ష. ఖర్చు నాలుగు మూరల లోపు దారం.

మూర అంటే గుర్తొచ్చింది! మార్కెట్ లోపల కిలోల్లో కొన్న పూలు గేటు బయటికి రాగానే మూరల్లోకి మారిపోతాయి. మాలలమ్మే ఆమె మోచేతి దగ్గర దండ పట్టి, నడిమివేలి కొస దాకా లాగి, “ఇదిగో అక్కా, మూర!” అంటుంది. కొనే ఆమె “నీ చెయ్యి పొట్టి, ఇంకో బెత్తెడు వెయ్యి” అంటుంది. ఎవరి మూర వాళ్ల ఎత్తులో నాలుగో వంతు, ఆపైన కాస్త. అంటే రెండు మూరలు ఎత్తులో సగానికి ఒకింత ఎక్కువ. మన మగవాళ్ల నడుముకు వైద్యులు పెట్టిన హద్దు 90 సెంటీమీటర్లు, అదీ దాదాపు రెండు మూరలే! ఆడవాళ్లకు 80, వాళ్ల మూరతో అదీ దాదాపు అంతే.

ఇంతకీ మీ నడుము మీ మూరతో ఎన్ని మూరలు?